చెక్క మాస్ట్ మీద కరెంటు వైర్లు: లోపల లాగాలా, బయటా, గాడి తీయాలా?

శీను_ప్యూజెట్ · ఫిబ్రవరి 8
అందరికీ నమస్కారం. నేనుండేది సియాటిల్ పక్కన. రెండేళ్ల కిందట 1958లో కట్టిన 30 అడుగుల చెక్క స్లూప్ (ఒకే కొయ్య ఉన్న తెరచాప పడవ) ఒకటి కొన్నాను, ఈ చలికాలం మాస్ట్ (తెరచాప కట్టే నిలువు కొయ్య) దింపించి షెడ్డులో స్టాండ్ల మీద పడుకోబెట్టాను. పొడవు 40 అడుగులు, సిట్కా స్ప్రూస్ చెక్క, నాలుగు పలకలు పెట్టెలా అతికించి చేసింది కాబట్టి లోపల డొల్ల. పాత ఓనర్లలో ఎవరో వైర్లన్నీ ముందువైపు బయటనే ఇనప స్టేపుల్స్ కొట్టి లాగేసి, దానిమీదే వార్నిష్ పూసేశారు. స్టేపుల్ ఉన్న ప్రతిచోటా చెక్క నల్లబడింది, రెండు చోట్ల గోరుతో నొక్కితే మెత్తగా దిగుతోంది. అది చూసిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అన్నీ పీకేశాను. కావలసినవి: కొసన ట్రైకలర్ (ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మూడూ ఒకే దాంట్లో ఉండే లైటు), లంగరు వేసినప్పుడు వెలిగే యాంకర్ లైట్, స్ప్రెడర్ల (మాస్ట్‌కి రెండు పక్కలా చాచిన అడ్డ కర్రలు) దగ్గర స్టీమింగ్ లైట్ (ఇంజిన్ మీద పోయేటప్పుడు వేసేది), రేడియోకి వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా, వీలైతే గాలి వేగం చూపించే పరికరం కూడా. అల్యూమినియం మాస్ట్ అయితే లోపల పైపు ఉంటుంది, లాగేస్తే అయిపోతుంది, ఇంటర్నెట్ నిండా అవే వీడియోలు. చెక్క మాస్ట్ గురించి తెలుగులో కాదు కదా ఇంగ్లీషులో కూడా ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. ఒకాయన మాస్ట్‌కే చెక్క చెక్కే రూటర్ మెషీనుతో గాడి తీసి వైర్ పెట్టి పైన బద్ద అతికించు అన్నాడు, చూడ్డానికి బావుంటుందని నాక్కూడా అనిపించింది గానీ చెయ్యి రావట్లేదు. ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

కోరంగి_వాడు · ఫిబ్రవరి 8
తమ్ముడూ ఆ గాడి మాత్రం తియ్యకండి. ఆయ్, ముందా మాట చెప్పి తర్వాత మిగతాది చెప్తాను.

మాది తాళ్ళరేవు పక్కన, మా నాన్నగారు నావలు కట్టేవారు, నేనూ పదిహేనేళ్లు ఆయన వెనక ఉలి పట్టుకునున్నాను. కొయ్య వంగేటప్పుడు బరువంతా మోసేది పై చర్మం, మధ్యలో ఉన్న చెక్క కాదండి. అందుకే మధ్యలో డొల్లగా ఉన్నా మీ మాస్ట్ నిలబడతంది. మీరు ఆ పై చర్మంలోనే 40 అడుగుల పొడుగునా గాడి తీస్తే, తీసింది అరంగుళమే కదా అనుకుంటారు, కానీ పని చేసే చెక్కనే తీసేసినట్టు. పైగా ఆ గాడి అడుగున చెక్కకి వార్నిష్ సరిగ్గా అందదు, పైన బద్ద అతికించాక నీళ్లు ఎక్కడినించి దిగాయో ఎవడికీ తెలీదు, ఉప్పునీరైతే కాస్త నయం, వాన నీరు దిగితే అక్కణ్ణించే చివుకు పడుతుంది.

చెక్క తీసే పని కాకుండా చెక్క కలిపే పని చూడండి.

లావణ్య_చెక్కపని · ఫిబ్రవరి 9
శీను గారూ, నేను పోర్ట్ టౌన్‌సెండ్‌లో చెక్క పడవల పని నేర్చుకుని ఇక్కడే స్పార్ల (మాస్ట్ లాంటి కొయ్యల) షాపులో చేస్తున్నాను. కోరంగి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకో రెండు విషయాలు.

మొదటిది, మీ మాస్ట్ లోపల ఎక్కడెక్కడ గట్టి దిమ్మలున్నాయో ముందు కనుక్కోండి. పెట్టె మాస్ట్ అంటే కిందనించి పైదాకా డొల్ల కాదు. మడమ (మాస్ట్ కింది చివర) దగ్గర, డెక్‌లోంచి దూరేచోట, స్ప్రెడర్ల దగ్గర, ఫోర్‌స్టే (మాస్ట్‌ని ముందువైపుకి పట్టి ఉంచే తీగ) పట్టుకునేచోట, కొసన, ఇన్నిచోట్ల లోపల నిండు చెక్క పెట్టి అతికిస్తారు, అక్కడ బోల్టులు పడతాయి కాబట్టి. కట్టినవాళ్లు ముందుచూపు ఉన్నవాళ్లయితే ఆ దిమ్మల మధ్యలో వైరుకీ నీళ్లు దిగడానికీ బెజ్జం వదులుతారు. 1958లో ఈ సైజు పడవ మాస్ట్ మీద కరెంటు ఉంటుందని ఊహించారో లేదో! చెక్క సుత్తితో పైనించి కిందకి మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి, శబ్దం మారినచోట చాక్‌తో గీత పెట్టండి. పాత బెజ్జాలేమైనా ఉంటే ఫోన్‌కి తగిలించే సన్న కెమెరా లోపలికి పంపి చూడండి.

రెండోది ఆ మెత్తబడ్డ రెండు చోట్లు. వైర్ల సంగతి తర్వాత, ముందు అది. ఎంత లోతుందో సన్న దబ్బనంతో చూడండి. నల్ల మచ్చ వేరు, చివుకు వేరు. మచ్చ ఇనుము వల్ల వచ్చింది, ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి పూస్తే చాలావరకు పోతుంది, తర్వాత బాగా కడిగి ఆరబెట్టండి, గ్లవ్స్ వేసుకోండి. చివుకు అయితే అక్కడ చెక్క తీసి, ఒకటికి పన్నెండు వాలుతో (లోతుకి పన్నెండింతల పొడవున ఏటవాలుగా) కొత్త స్ప్రూస్ ముక్క అతికించాలి.

ఈటీవో_వైజాగ్ · ఫిబ్రవరి 9
మర్చంట్ నేవీలో ఎలక్ట్రికల్ ఆఫీసరుగా చేసి రిటైర్ అయ్యాను. చెక్క గురించి నాకు తెలీదు, కరెంటు గురించి చెప్తాను.

శీను, ముందు బల్బులా ఎల్ఈడీలా అది తేల్చు. దాన్నిబట్టి వైరు లావు, వైరు లావునిబట్టి నువ్వు ఎక్కడ దాచగలవో తేలుతుంది. లెక్క చూడు. మాస్ట్ 40 అడుగులు, కింద ప్యానెల్ దాకా ఇంకో 15, మొత్తం 55, పోనూ రానూ 110 అడుగులు. పాత 25 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 2.1 ఆంపియర్లు లాగుతుంది. 16 గేజ్ వైరుకి (గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు) వెయ్యి అడుగులకి సుమారు 4 ఓమ్‌లు, అంటే నీ 110 అడుగులకి 0.44, పడిపోయే వోల్టేజి 0.9 పైన, ఏడు శాతం దాటింది. నావిగేషన్ లైట్లకి అమెరికా పడవల ప్రమాణాల సంస్థ ఏబీవైసీ ప్రకారం 3 శాతం దాటకూడదు. 14 గేజ్ వేసినా 5 శాతం దగ్గర ఆగుతుంది. 12 గేజ్ వేస్తే అప్పుడు 3 అంచుకి వస్తావు.

అదే ఎల్ఈడీ అయితే పావు ఆంపియర్ అనుకో. 16 గేజ్‌తోనే 0.11 వోల్టు, ఒక్క శాతం లోపే. 16 కన్నా సన్నం ఎలాగూ వేయకు, మోయడానికి బలం చాలదు. సన్న పోగులు అల్లిన, తగరం పూత ఉన్న రాగి వైరే తీసుకో, ఇంట్లో వేసే ఒంటి తీగ వైరు పడవ కదలికకి కొన్నాళ్లకి లోపలే తెగుతుంది, మామూలు రాగి ఉప్పు గాలికి నల్లబడి పైకి పాకుతుంది. కనెక్షన్లు నొక్కుడు లగ్గులతో, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని పట్టే గొట్టం) వేసి. సోల్డర్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

శీను_ప్యూజెట్ · ఫిబ్రవరి 11
అందరికీ థాంక్స్. సార్, ఎల్ఈడీలే.

సుత్తితో కొట్టుకుంటూ వెళ్లాను. మడమనుంచి 8 అడుగుల దాకా గట్టి శబ్దం, స్ప్రెడర్ల దగ్గర రెండడుగులు, ఫోర్‌స్టే దగ్గర అడుగున్నర, కొసన రెండడుగులు. మధ్యలో డొల్ల. చివుకు చూశాను, ఒకటి 3 మిల్లీమీటర్లే, రెండోది 9 మిల్లీమీటర్లు ఉంది. పలక మందం 28.

హుస్సేన్‌సాగర్_సెయిలర్ · ఫిబ్రవరి 11
అన్నా నేను హైదరాబాద్‌ల హుస్సేన్ సాగర్ మీద చిన్న డింగీలు నడిపిస్త, మా వాటికి లైట్లే ఉండయి, అందుకే అడుగుతున్న. ట్రైకలర్ కొసన ఉన్నంక మళ్ల స్టీమింగ్ లైట్ ఎందుకు? ఒక్కటే పెడితే వైర్లు తగ్గుతయి కదా, పని అల్కగ అయితది.

ఈటీవో_వైజాగ్ · ఫిబ్రవరి 11
తమ్ముడూ మంచి ప్రశ్న. ట్రైకలర్ అనేది చాప మీద పోయేటప్పుడే, 20 మీటర్ల లోపు పడవలకి, కొల్‌రెగ్స్ (ఓడలు గుద్దుకోకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాలు) రూల్ 25 ఇచ్చిన వెసులుబాటు. ఇంజిన్ వేయగానే నువ్వు చట్టం దృష్టిలో మోటార్ పడవవి, చాప ఎత్తి ఉన్నా సరే. అప్పుడు మామూలుగా ముందుకి 225 డిగ్రీలు కనపడే తెల్ల లైటు, దానికి కనీసం మీటరు కిందగా పక్క లైట్లు, వెనక లైటు ఉండాలి. మీటరు లెక్క 12 మీటర్ల లోపు పడవలకి. కొసనున్న ట్రైకలర్‌తో ఆ కుదిరిక రాదు. కాబట్టి ట్రైకలర్ ఒక్కటే చాలదు, శీనుకి స్టీమింగ్ లైటు కూడా కావాలి. పెద్ద ఓడ బ్రిడ్జి మీద నిలబడి రాత్రిళ్లు చూసినవాణ్ణి, తప్పు లైట్లు వేసిన చిన్న పడవ ఎటు తిరుగుతుందో అర్థంకాక చెమటలు పట్టిన సందర్భాలు నాకున్నాయి.

ఫాల్మత్_పద్మ · ఫిబ్రవరి 12
నేను ఇంగ్లండ్ కార్న్‌వాల్‌లో ఉంటాను, మాది గాఫ్ రిగ్ (చాప పై అంచుని గాఫ్ అనే ఏటవాలు కొయ్య పట్టుకునే పద్ధతి) ఉన్న పాత పడవ. మా దగ్గర ఫాల్ నదిలో ఇప్పటికీ ఆయిస్టర్లు చాపతోనూ తెడ్లతోనూ తీస్తారు, ఇంజిన్‌తో తీయనివ్వరు, అందుకని గాఫ్ పడవలు మ్యూజియంలో కాదు, పనిలోనే కనిపిస్తాయి.

గాఫ్ మాస్ట్ అయితే ఈ చర్చే వేరు. చాపని పట్టుకునే చెక్క వలయాలు మాస్ట్ చుట్టూ పైకీ కిందకీ జారుతుంటాయి, గాఫ్ దవడలు వెనకవైపు రాసుకుంటాయి. వైరు బయట ఏ వైపు పెట్టినా కోసుకుపోతుంది. మా మాస్ట్ నిండు చెక్క, లోపల దారే లేదు. మేం మాస్ట్ మీద ఒక్క వైరు కూడా వేయలేదు. లంగరు వేసినప్పుడు ఎల్ఈడీ లాంతరు ముందు తాడుకి కట్టి పైకి లాగుతాం, దాని వైరు డెక్ మీదున్న సాకెట్‌లో గుచ్చుతాం. యాంటెన్నా వెనక రెయిలింగ్ మీద. పదేళ్లయింది, మాస్ట్‌కి ఒక్క బెజ్జం లేదు.

శీనూ, మీకూ ఇది ఒకసారి ఆలోచించమని చెప్తున్నా. పైన నిజంగా ఏం కావాలి? గాలి వేగం మీటరు కావాలా?

శీను_ప్యూజెట్ · ఫిబ్రవరి 12
పద్మ గారూ, మీరు అడిగాక రాసుకుని చూశాను. గాలి మీటరు తీసేస్తున్నాను, చెంప మీద గాలి తగిలితే తెలుస్తుంది, దానికోసం ఇంకో కేబుల్ వద్దు. ట్రైకలర్ మాత్రం కావాలి, ఇక్కడ సియాటిల్ పక్క సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో రాత్రిపూట ఫెర్రీలు, కంటైనర్ ఓడలు తిరుగుతాయి, డెక్ ఎత్తున ఉన్న లైట్లు అలల వెనక దాక్కుంటాయి. యాంటెన్నా రెయిలింగ్ మీద పెడితే ఎంత నష్టం?

ఈటీవో_వైజాగ్ · ఫిబ్రవరి 13
వీహెచ్‌ఎఫ్ దాదాపు చూపుమేరే వెళ్తుంది, కాబట్టి ఎత్తే ముఖ్యం. అడుగుల్లో ఎత్తుకి వర్గమూలం కట్టి 1.23తో గుణిస్తే నాటికల్ మైళ్లలో దూరం వస్తుంది. 42 అడుగుల ఎత్తున సుమారు 8 మైళ్లు, రెయిలింగ్ మీద 9 అడుగుల ఎత్తున 3.7. అవతల పడవ దూరం కూడా దానికి కలుపుకోవాలి. అంటే నీలాంటి ఇద్దరు మాట్లాడుకుంటే 16 మైళ్లు, రెయిలింగ్ వాళ్లిద్దరైతే ఏడున్నర. కోస్ట్ గార్డ్ టవర్లు కొండల మీద ఉంటాయి కాబట్టి వాళ్లతో రెయిలింగ్ నుంచి కూడా చాలావరకు అందుతుంది. పద్మ గారి పద్ధతి తప్పు కాదు. కానీ నీకు మాస్ట్ కింద పడుకుని ఉంది, ఇప్పుడు చేసుకోకపోతే మళ్లీ ఎప్పుడు చేస్తావు.

యాంటెన్నా కేబుల్ విషయానికొస్తే, 60 అడుగులకి ఆర్జీ-58 రకం వేస్తే 25 వాట్లలో పైకి చేరేది సుమారు 11, ఆర్జీ-8ఎక్స్ అయితే 13, ఆర్జీ-213 అయితే 17. మూడోది వేలు లావుంటుంది, బరువు కూడా దాదాపు మూడింతలు. మాస్ట్ పైన కిలో అంటే కీల్ (పడవ అడుగు దూలం) దగ్గర కిలో లాంటిది కాదు. 8ఎక్స్ చాలు.

కివీ_తెలుగు · ఫిబ్రవరి 14
మధ్యలో దూరుతున్నా, ఆక్లాండ్ నుంచి. నేను కొత్త మాస్ట్ చేస్తున్నాను, బర్డ్స్‌మౌత్ పద్ధతి, ఎనిమిది బద్దలకి వీ ఆకారం గాడి తీసి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టి గుండ్రంగా అతికించేది. ఇంకా అతికించలేదు. లోపల వైర్లకి ఏం ఏర్పాటు చేసుకోవాలి?

లావణ్య_చెక్కపని · ఫిబ్రవరి 14
మీరు అదృష్టవంతులు, అతికించకముందే అడిగారు! సన్న ప్లాస్టిక్ పైపు ఒకటి లోపలి గోడకి అతికించేయండి, కిందనుంచి పైదాకా, దిమ్మల మధ్యలోంచి కూడా. పైపు రెండు చివర్లూ ప్రస్తుతానికి మూసేయండి, లేకపోతే ఎపాక్సీ కారి పూడుకుపోతుంది. దాంట్లో సన్న నైలాన్ తాడు వేసి ఉంచండి, తర్వాత వైరు లాగినప్పుడల్లా దానితోపాటు కొత్త తాడు కూడా లాగుకోండి, ఎప్పటికీ ఒక తాడు లోపల మిగలాలి. ప్రతి దిమ్మకీ పైపు కాకుండా ఇంకో బెజ్జం నీళ్లు దిగడానికి వదలండి. లోపలి గోడలకి మూసేముందు రెండు పూతలు వేయండి, అతికే అంచులు వదిలేసి.

పైపు పెట్టడం కుదరనివాళ్లకి ఇంకో పద్ధతి ఉంది. వైర్ల కట్టకి రెండేసి అడుగులకి మూడు పొడుగు జిప్ టైలు, తోకలు కత్తిరించకుండా, మూడు దిక్కులకి నక్షత్రంలా వచ్చేలా బిగించి లోపలికి లాగుతారు. ఆ తోకలు గోడలకి ఆని వైర్లని మధ్యలో పట్టుకుంటాయి. లేకపోతే లంగరు వేసిన రాత్రంతా వైర్లు లోపల టకటకమని కొట్టుకుంటాయి, డొల్ల చెక్క వీణ బుర్రలా ఆ శబ్దాన్ని పెంచుతుంది, పడవలో ఒక్కరికీ నిద్ర ఉండదు.

శీను_ప్యూజెట్ · ఫిబ్రవరి 17
ఈ వీకెండ్ ప్రయత్నించాను. ఫలితం అందరికీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

స్ప్రెడర్ల కింద పాత లైటు బెజ్జం ఒకటుంది, మడమ దిమ్మ పైన ఇంకోటి. చిన్న ప్లాస్టిక్ సంచి ముక్కకి దారం కట్టి ఒక బెజ్జంలో పెట్టి, రెండోదానికి వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగాను. మొదటిసారి రాలేదు, కొస బెజ్జాలన్నీ టేపుతో మూశాక రెండు సెకన్లలో వచ్చేసింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ తర్వాత స్ప్రెడర్ల పైభాగం. కెమెరా పంపి చూస్తే దిమ్మ నిండుగా మూసి ఉంది, బెజ్జం లేదు. దిమ్మ రెండడుగులు, నాకు దగ్గర్లో ఉన్న చివర ఇరవై అడుగుల దూరంలో. అంత పొడుగు డ్రిల్ బిట్ లేదు, ఉన్నా లోపల ఎటు పోతుందో తెలీదు, పలక చీల్చుకుని బయటికొస్తే మాస్ట్ పోయినట్టే. దిమ్మకి కింద బయటికి తీసి పైన మళ్లీ లోపలికి పంపితే? అలా ప్రతి దిమ్మకీ రెండు బెజ్జాలు, మొత్తం ఆరు అవుతాయి. ఆరు చోట్ల నీళ్లకి తలుపు తీసినట్టు.

లోపలి దారి వదిలేస్తున్నా. కోరంగి అన్నా, మీరన్న చెక్క కలిపే పని ఎలాగో చెప్పండి.

కోరంగి_వాడు · ఫిబ్రవరి 17
సరైన పని చేశారండి. మీ ఫోటోలు చూశాను, చాప జారే ట్రాక్ వెనకవైపు ఒక బద్ద మీద కూర్చునుంది కదా. ఆ బద్ద ఎలా ఉంది? స్క్రూలు పట్టు మీదున్నాయా?

శీను_ప్యూజెట్ · ఫిబ్రవరి 18
చాలా స్క్రూలు వదులయ్యాయి, ట్రాక్ మొత్తం తీసి కొత్త స్క్రూలు వేయాలనే అనుకుంటున్నా. బద్ద అక్కడక్కడా చీలింది.

కోరంగి_వాడు · ఫిబ్రవరి 18
అయితే మీ వైర్ల దారి అదేనండి. ఆ బద్ద ఎలాగూ మార్చాలి. కొత్తది కాస్త వెడల్పుగా చెయ్యండి, దాని వీపుకి, అంటే మాస్ట్‌కి ఆనే వైపు, రెండు గాడులు తియ్యండి, మధ్యలో స్క్రూలు పడేచోటు నిండుగా వదలండి. ఒక గాడిలో కరెంటు వైర్లు, రెండోదాంట్లో యాంటెన్నా కేబులు. గాడి బద్దకి తీస్తున్నాం, మాస్ట్‌కి కాదు. రేపు చెడితే బద్ద మార్చుకుంటారు. బయటికి ఒక్క వైరూ కనపడదు, కొత్తగా ఏదో తగిలించినట్టూ ఉండదు, ఎందుకంటే బద్ద ఎప్పుడూ అక్కడే ఉంది.

మా వైపు వేట బోట్లకి కొయ్య మీద బల్బులు కడతారు, మేకు కొట్టి వైరు చుట్టేస్తారు. రెండు వానాకాలాలకి ఆ మేకు చుట్టూ చెక్క పిండైపోవడం నా కళ్లతో చూశాను, కొయ్య విరిగిందంటే విరిగింది సరిగ్గా ఆ మేకు దగ్గరే.

లావణ్య_చెక్కపని · ఫిబ్రవరి 18
ఇది చాలా మంచి దారి. కొలతలు ఇస్తాను. బద్ద వెడల్పు 56 మిల్లీమీటర్లు, మందం 19. గాడులు 10 వెడల్పు, 9 లోతు. మధ్యలో 18 నిండుగా, రెండు అంచులా తొమ్మిదేసి. ఆర్జీ-8ఎక్స్ ఆరు మిల్లీమీటర్ల పైచిలుకే కాబట్టి సుఖంగా పడుతుంది. అవతలి గాడిలో 16 గేజ్ వైర్లు నాలుగు: ట్రైకలర్, యాంకర్, స్టీమింగ్, ఉమ్మడి నెగటివ్. చెక్క డగ్లస్ ఫర్ తీసుకోండి, స్ప్రూస్ కన్నా స్క్రూ బాగా పట్టుకుంటుంది. 40 అడుగుల చెక్క ఒకే ముక్క దొరకదు, వాలుగా కోసి అతికించండి, గాడులు అతికించాక తీయండి.

బద్దని మాస్ట్‌కి జిగురుతో అతికించొద్దు, శాశ్వతంగా పట్టేసే పాలీయురేథేన్ అసలొద్దు. పాలీసల్ఫైడ్ సీలెంట్ పలచగా రెండు అంచుల వెంబడి పూసి స్క్రూలతో బిగించండి, రేపు తీయాలంటే రావాలి. ముందు గాడుల లోపల, మాస్ట్ వీపున, రెండుచోట్లా వార్నిష్ మూడు పూతలు. స్క్రూలు కంచువి, పాత బెజ్జాలు ఎపాక్సీతో నింపి కొత్తగా తీయండి. చాప తల ఉండేచోట, రీఫ్ వేసినప్పుడు (గాలి ఎక్కువై చాప కుదించినప్పుడు) తల ఆగేచోట స్క్రూలు దగ్గర దగ్గరగా వేయండి, ట్రాక్‌ని పీకే బలం అక్కడే ఎక్కువ.

వైర్లు గాడిలో తమ బరువుకి తామే వేలాడకూడదు, అడుగున్నరకొకచోట చిన్న చుక్క సీలెంట్ పెట్టి ఆపండి. వైర్ల పక్కన ఒక నైలాన్ దారం కూడా పెట్టండి.

స్ప్రెడర్ల దగ్గర స్టీమింగ్ లైటు ముందువైపు ఉంటుంది, వైరు వెనకనుంచి ముందుకి రావాలి. అక్కడ నిండు దిమ్మే ఉంది కాబట్టి పక్కకి కొద్దిగా వాలుగా ఒకే బెజ్జం. ముందు 16 మిల్లీమీటర్ల బెజ్జం తీసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 8 తీయండి. అప్పుడు వైరు చుట్టూ ఉండేది చెక్క కాదు, ఎపాక్సీ గొట్టం, నీళ్లు వచ్చినా చెక్కకి తగలవు. బయటి చివర కిందకి వాలి ఉండాలి. ఒకటే గుర్తుపెట్టుకోండి, స్ప్రెడర్ బోల్టులకి కనీసం నాలుగంగుళాల దూరంలో తీయండి.

హుస్సేన్‌సాగర్_సెయిలర్ · ఫిబ్రవరి 19
మరి పిడుగు పడితే ఎట్ల అన్నా? చెక్క కదా, కరెంటు పోదు కదా మంచిదే కదా అనుకుంటున్న.

ఈటీవో_వైజాగ్ · ఫిబ్రవరి 19
అక్కడే పొరపాటు పడతారు తమ్ముడూ. పిడుగుకి మంచి దారి దొరక్కపోతే దొరికిన దారిలోనే పోతుంది. చెక్క మాస్ట్‌లో తడి ఉంటే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై చెక్కని లోపలినుంచి చీలుస్తుంది. సన్న కేబుల్ అయితే మండి పేలిపోతుంది. దీనికి ఏబీవైసీ చెప్పేది కనీసం 4 గేజ్ రాగి వైరు కొసనుంచి కీల్ దాకా వీలైనంత నిటారుగా, మలుపుల్లేకుండా దించమని. శీనూ ఉండే ప్యూజెట్ సౌండ్‌లో ఉరుములు బాగా తక్కువ. అదే ఫ్లోరిడాలో అయితే ఈ చర్చ మొత్తం ముందు దాని గురించే నడవాలి.

శీను_ప్యూజెట్ · మార్చి 15
నెల రోజుల పని. బద్ద అయిపోయింది! ముందు చివుకు సంగతి, 9 మిల్లీమీటర్ల చోటు లావణ్య గారు చెప్పినట్టు వాలుగా తీసి కొత్త స్ప్రూస్ అతికించాను, చిత్రిక పట్టాక వేలు పెట్టి చూస్తే అతుకు తెలీట్లేదు. చిన్నది గీకేస్తే శుభ్రమైన చెక్క వచ్చేసింది. ఆక్సాలిక్ యాసిడ్ తర్వాత మచ్చలు లేత గోధుమ రంగుకి వచ్చాయి, పూర్తిగా పోలేదు గానీ ఇప్పుడు మాస్ట్ చూస్తే బాధ వేయట్లేదు.

గాడులు టేబుల్ మీద రూటర్‌తో తీశాను, ఒక్కొక్కటి మూడు విడతల్లో. ఒక్కసారే 9 లోతు దించితే డగ్లస్ ఫర్ చీలికలు లేస్తోంది.

ఇప్పుడు ఆగిపోయినచోటు: ట్రాక్ బూమ్ (చాప కింది అంచున ఉండే అడ్డ కొయ్య) కీలు పైన ఒక అడుగు దగ్గర ముగుస్తుంది. అక్కణ్ణించి డెక్ దాకా వైర్లు ఎలా? మాస్ట్ డెక్‌లోంచి కీల్ దాకా దిగుతుంది, డెక్ దగ్గర చుట్టూ చెక్క చీలలు బిగిస్తారు, బద్ద అక్కడిదాకా తీసుకెళ్తే చీలలు వైర్లని నలిపేస్తాయి.

ఫాల్మత్_పద్మ · మార్చి 15
చీలల్లోంచి తీసుకెళ్లకండి, మాస్ట్ చుట్టూ బూట్ (నీళ్లు దిగకుండా చుట్టే తొడుగు) కట్టే చోటుని కదపొద్దు. మా స్నేహితుల పడవకి ఇలా చేశారు: బద్ద ముగిసినచోట వైర్లు పక్కకి తిరిగి, కీలు ఫిట్టింగుని తప్పించుకుని, మాస్ట్ పక్క ముఖం మీద చిన్న బద్ద కిందకి దిగుతాయి. అది డెక్ పైన ఒక అడుగు ఎత్తులో ఆగుతుంది. అక్కణ్ణించి వైర్లు వదులుగా కిందకి ఉయ్యాలలా వేలాడి, హంస మెడలా వంగిన కంచు గొట్టంలోంచి డెక్ కిందకి వెళ్తాయి. గొట్టం మూతి కిందకి తిరిగి ఉంటుంది కాబట్టి వాన పడదు. ఉయ్యాల కింది వంపు గొట్టం మూతి కన్నా కిందకి ఉండాలి, నీళ్లు ఆ కింది వంపులో చుక్కలై రాలిపోతాయి, లోపలికి పాకవు.

డెక్ కింద టెర్మినల్ బ్లాక్ పెట్టి అక్కడే అన్నీ కలపండి. మాస్ట్ దించినప్పుడు స్క్రూలు తిప్పితే చాలు, ఒక్క వైరూ కోయక్కర్లేదు. ఏ వైరు ఏదో రాసిన చీటీలు ఇప్పుడే కట్టండి.

కివీ_తెలుగు · మార్చి 16
కొసన ఎలా తీశారు శీనూ? నాకక్కడే భయంగా ఉంది.

శీను_ప్యూజెట్ · మార్చి 16
నాక్కూడా అక్కడే భయం, ఎందుకంటే కొసన చెక్క పోగుల మొనలు ఆకాశం వైపు తెరిచి ఉంటాయి, వాన నీళ్లు స్ట్రాతో తాగినట్టు తాగుతాయి. అందుకే పైనుంచి కిందకి బెజ్జం తీయలేదు. ఆ మొనలకి పలచటి ఎపాక్సీ ఇక తాగనంతవరకు పూశాను. బద్ద కొసకి నాలుగంగుళాల కింద ఆగుతుంది, వైర్లు అక్కణ్ణించి బయటికొచ్చి, ఒక వంపు తిరిగి, రాగి టోపీ అంచు కిందనుంచి లైటు బేస్‌లోకి వెళ్తాయి. టోపీని పాలీసల్ఫైడ్‌తో కూర్చోబెట్టాను. యాంటెన్నా కనెక్టర్ మీద తనలో తానే కరిగి అతుక్కునే రబ్బరు టేపు, దానిమీద మామూలు టేపు, కిందనుంచి పైకి చుట్టాను, పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పడి నీళ్లు జారిపోవాలని.

ఈటీవో_వైజాగ్ · మార్చి 16
మాస్ట్ నిలబెట్టేముందు కిందే అన్నీ వెలిగించి చూడు. ఇంకో పరీక్ష కూడా చెయ్. కొన్ని ఎల్ఈడీ లైట్లు రేడియోకి అడ్డొస్తాయి, 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. రేడియో ఎవరూ మాట్లాడని ఛానెల్‌లో పెట్టి, స్క్వెల్చ్ (గరగరని అణిచే మీట) సరిగ్గా శబ్దం ఆగేదాకా తిప్పి, అప్పుడు లైటు వెయ్. గరగర మొదలైతే ఆ లైటు తీసెయ్. నీ యాంటెన్నాకీ ట్రైకలర్‌కీ మధ్య జానెడు దూరం కూడా లేదు కాబట్టి తప్పకుండా చూడాలి.

శీను_ప్యూజెట్ · ఏప్రిల్ 27
నిన్న మాస్ట్ నిలబెట్టాం. సార్ చెప్పిన పరీక్ష కిందే చేశాను, మొదట కొన్న యాంకర్ లైటుకి గరగర వచ్చింది, వాపసు ఇచ్చి ఇంకోటి తెచ్చాను, ఇప్పుడు నిశ్శబ్దం. నిలబెట్టాక బోసన్ కుర్చీలో (తాడుతో పైకి లాగేది) కూర్చుని మీటరు పట్టుకుని పైకెళ్లాను: ప్యానెల్ దగ్గర 12.62 వోల్టులు, కొసన 12.51. సార్, మీ లెక్క ఎంతో అంతే!

పైనించి కిందకి చూస్తే 40 అడుగుల స్ప్రూస్ తేనె రంగులో మెరుస్తోంది, ఎక్కడా ఒక్క వైరు లేదు. వైరు కోసం మాస్ట్‌కి కొత్తగా తీసిన బెజ్జం స్టీమింగ్ లైటు దగ్గరి ఆ ఒక్కటే. సెప్టెంబరులో పోర్ట్ టౌన్‌సెండ్‌లో చెక్క పడవల పండగకి తీసుకొస్తాను, లావణ్య గారూ మీరే మొదట ఎక్కాలి.

కోరంగి_వాడు · ఏప్రిల్ 28
ఫోటో మా నాన్నగారికి చూపించానండి. 81 ఏళ్లు, చూపు తగ్గింది, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. బద్ద మాస్ట్‌కి ఆనే అంచు దగ్గర సీలెంట్ ఎక్కువైంది, ఎండాకాలం రాకముందే గీకి వార్నిష్ అందనివ్వమన్నారు.

శీను_ప్యూజెట్ · ఏప్రిల్ 28
అవునన్నా, స్ప్రెడర్ల కింద మూడడుగులు అలా ఉంది. శనివారం పైకెక్కి గీకేస్తాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.